పోత అల్యూమినియం సబ్‌వూఫర్ ఫ్రేమ్: రంగు ఊడదీసి, చేత్తో మెరుగు పెట్టే పద్ధతి

కారు సబ్‌వూఫర్ (బాస్ కొట్టే పెద్ద స్పీకర్) వాయిస్ కాయిల్ (కోన్‌ని కదిపే తీగచుట్ట) కాలిపోయి రీకోనింగ్ (కోన్, కాయిల్ తీసేసి కొత్తవి అంటించడం) దాకా వచ్చిందంటే, దాని ఫ్రేమ్‌కి మెరుగు పెట్టుకోవడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. కోన్ (ముందు కదిలే గరాటు), స్పైడర్ (కాయిల్‌ని మధ్యలో నిలిపే ముడతల గుడ్డ), సరౌండ్ (కోన్ అంచు చుట్టూ ఉండే మెత్తటి వలయం) ఎలాగూ కోసి తీసేస్తారు. మిగిలేది మాగ్నెట్, దాని మీద నల్లరంగు వేసిన అల్యూమినియం చట్రం. కోన్ బాగానే ఉన్న స్పీకర్‌ని మాత్రం దీనికోసం ముట్టుకోవద్దనే చెప్తాను. రంగు ఊడదీసే మందు ఆవిరి తగిలితే సరౌండ్ జిగురు మెత్తబడుతుంది. రాపిడి పొడి రవ్వంత గ్యాప్‌లో, అంటే మాగ్నెట్ మధ్య కాయిల్ కదిలే సన్నటి సందులో, పడినా చాలు, స్పీకర్ గరగరలాడుతుంది.

మెరుగు వల్ల శబ్దం మారదు. కంటికి ఇంపు కోసం చేసే పని కాబట్టి, ఫ్రేమ్ కంటికి కనిపించే చోట ఉంటేనే చేయండి. సబ్‌వూఫర్‌ని తిరగేసి, మాగ్నెట్ బయటికి వచ్చేలా బిగించేవాళ్ళకీ, పెట్టెకి అక్రిలిక్ కిటికీ పెట్టించుకునేవాళ్ళకీ ఇది నిజంగా అందం తెస్తుంది. ఊరేగింపుల్లో కొట్టే 18 అంగుళాల డీజే బాక్సుల్లో ఫ్రేమ్ మొత్తం పెట్టె లోపల, ముందు జాలీ వెనక ఉంటుంది. అక్కడ ఈ కష్టం వృథా. ఆ డబ్బుతో మంచి రీకోన్ కిట్ కొనుక్కోవచ్చు.

ఇక్కడ చెప్పేది ఆరు కాళ్ళున్న (బయటి రింగునీ మాగ్నెట్ వైపునీ కలిపే కడ్డీలు) 12 అంగుళాల ఫ్రేమ్‌ని దృష్టిలో పెట్టుకుని. 10 అయినా 15 అయినా పద్ధతి ఒకటే, చేతులు నొప్పి పుట్టడంలోనే తేడా.

మీ ఫ్రేమ్ పోతదేనా?

ముందు ఇది తేల్చుకోండి. రేకు ఫ్రేమ్ అయితే లోపల ఇనుము ఉంటుంది. రంగు తీస్తే తుప్పు పడుతుంది తప్ప మెరవదు. కాళ్ళు మందంగా, వెనక పక్క గట్టుల్లాంటి పక్కటెముకలతో ఉంటే పోతదే అనుకోవచ్చు. ఖాయం చేసుకోవడానికి ఫ్రిజ్ మీద అంటించే చిన్న అయస్కాంతాన్ని బయటి రింగుకి ఆనించండి. అంటుకుంటే ఇనుము, జారిపోతే అల్యూమినియం. స్పీకర్ మాగ్నెట్ దగ్గర ఈ పరీక్ష చేస్తే దాని లాగుడుకి మోసపోతారు, అందుకే రింగు అంచున చేయాలి.

అల్యూమినియం అని తేలాక కూడా ఆశ కాస్త అదుపులో పెట్టుకోవాలి. ఇలాంటి ఫ్రేములు డై కాస్టింగ్‌లో పోస్తారు. దానికి ఎక్కువగా వాడే ఏడీసీ12 లాంటి మిశ్రమాల్లో సిలికాన్ 9.6 నుంచి 12 శాతం దాకా ఉంటుంది. కరిగిన లోహం అచ్చు మూలమూలకీ పారడానికి అది కావాలి. మెరుగు పెట్టేటప్పుడు అదే అడ్డం. సిలికాన్ రేణువులు గట్టివి, చుట్టూ ఉన్న అల్యూమినియం మెత్తన. రుద్దేకొద్దీ మెత్తనిది అరుగుతుంది, గట్టిది నిలబడుతుంది. అందుకే పోత ఫ్రేమ్ ఎంత రుద్దినా కొంచెం బూడిద ఛాయతోనే మెరుస్తుంది, క్రోమ్ పూతలా తెల్లగా తళతళలాడదు. రెండో సంగతి, పోత పైచర్మం బిగువుగా ఉంటుంది, లోపలికి పోయేకొద్దీ గాలి బుడగల వల్ల ఏర్పడిన సూదిమొన గుంటలు బయటపడతాయి. కాబట్టి ఈ పనంతటికీ ఒకటే సూత్రం: లోహాన్ని వీలైనంత తక్కువ తీయాలి.

సామాను

హార్డ్‌వేర్ షాపులో దొరికేవే. పెయింట్ రిమూవర్ డబ్బా, 120, 150, 220, 320, 400, 600, 800, 1000, 1500, 2000 నంబర్ల వాటర్ పేపర్లు (తడిపి రుద్దే గరుకు కాగితాలు, నంబరు పెరిగేకొద్దీ సన్నవి), ముతకవి రెండేసి, సన్నవి మూడేసి, ఎమరీ క్లాత్ ఒక మీటరు, ఒక చదును ఆకురాయి, ఒక గుండ్రటి సన్న ఆకురాయి, నైలాన్ బ్రష్షు, ప్లాస్టిక్ గీకుడు బిళ్ళ, ఆటోసోల్ లాంటి మెటల్ పాలిష్ ట్యూబు, మాస్కింగ్ టేపు, మందపాటి రబ్బరు గ్లవుజులు, కళ్ళద్దాలు, అసిటోన్, పాత బనియన్లు. బనియన్ గుడ్డ ఎంత పాతదైతే అంత మంచిది.

కొనకూడనివి కూడా చెప్తాను. స్టీల్ ఊల్ వద్దు. అందులోంచి రాలే ఇనుప నలుసులు దగ్గరికి వస్తే చాలు, మాగ్నెట్ లాక్కుంటుంది. అల్యూమినియంలో గుచ్చుకున్నవి తర్వాత తుప్పు చుక్కలుగా తేలతాయి. ఇనుప తీగల బ్రష్షుకీ ఇదే వర్తిస్తుంది. కాస్టిక్ సోడా, డ్రెయిన్ క్లీనర్ అసలే వద్దు. అవి రంగుతో పాటు అల్యూమినియాన్నీ తింటాయి, తింటూ మంట అంటుకునే హైడ్రోజన్ వాయువుని వదులుతాయి. ఆసిడ్ టాయిలెట్ క్లీనర్ కూడా అంతే. ఇత్తడి బిందెలకి వాడే చింతపండు ఇక్కడికి తేవద్దు, ఆ పులుపు సూది గుంటల్లో దాక్కుని తర్వాత మచ్చలు తేలుస్తుంది.

విడదీయడం, గ్యాప్ మూయడం

చాలా మంచి సబ్‌వూఫర్లలో ఫ్రేమ్‌ని మాగ్నెట్ పైప్లేటుకి ఎలెన్ బోల్టులతో బిగిస్తారు. అవి విప్పితే ఫ్రేమ్ ఒక్కటే చేతికి వస్తుంది, అంతకంటే సుఖం లేదు. విప్పే ముందు ఫ్రేమ్ మీదా ప్లేటు మీదా ఎదురెదురుగా ఒక గుర్తు గీసుకోండి, తిరిగి అదే చోట కూర్చోవాలి. ఫ్రేమ్ మీద గుర్తు రంగుతో పాటు పోతుంది కాబట్టి కనిపించని లోపలి వైపు సూదితో గీయండి.

ఫ్రేమ్‌ని విప్పవచ్చు కానీ, పైప్లేటుని గానీ వెనక ప్లేటుని గానీ మాగ్నెట్ నుంచి వేరు చేయకండి. ఫెర్రైట్ మాగ్నెట్ గాజులా పగులుతుంది, మళ్ళీ కూర్చోబెట్టేటప్పుడు వేళ్ళు నలుగుతాయి, పోల్ పీస్ (మాగ్నెట్ నడిమి ఇనుప స్తంభం) మధ్యకి రాకపోతే గ్యాప్ పాడవుతుంది. విప్పిన మాగ్నెట్‌ని శుభ్రమైన పాలిథిన్ సంచిలో చుట్టి, పని జరిగే చోటికి దూరంగా, వీలైతే వేరే గదిలో పెట్టండి.

కొన్నింటిలో ఫ్రేమ్‌ని ప్లేటుకి రివెట్ కొట్టేస్తారు. అప్పుడు మాగ్నెట్‌తో సహా పని చేయక తప్పదు. గ్యాప్ మీద మాస్కింగ్ టేపు అడ్డంగా నిలువుగా రెండు మూడు పొరలు వేసి, దాని మీద వెడల్పు టేపు వేసి, వెనక వెంట్ రంధ్రాన్ని కూడా మూసేయండి. కాయిల్‌కీ ఇనుముకీ మధ్య ఖాళీ మిల్లీమీటరులో కొంత భాగమే. అల్యూమినియం పొడి అయస్కాంతానికి అంటదు కాబట్టి ఫర్వాలేదు అనుకునేవాళ్ళున్నారు. అంటకపోయినా రాలి పడుతుంది, వాటర్ పేపర్ నుంచి రాలే నల్లటి సిలికాన్ కార్బైడ్ రవ్వలూ దాంతో పడతాయి. అవి కాయిల్ మీది ఎనామిల్‌ని గీకుతాయి. రివెట్ ఫ్రేముల మీద రిమూవర్‌ని కాళ్ళకీ రింగుకీ మాత్రమే పూయాలి, గ్యాప్ దగ్గరికి చేర్చకూడదు. అది టేపు జిగురుని కూడా కరిగిస్తుంది.

రంగు ఊడదీయడం

పాత జిగురు, సరౌండ్ ముక్కలు ముందు బ్లేడుతో తీసి, అసిటోన్ తడిపిన గుడ్డతో తుడవండి. టెర్మినల్ (తీగలు కలిపే చోటు) ప్లాస్టిక్కులు, ఫోమ్ గ్యాస్కెట్ తీసేయండి.

మన దగ్గర దొరికే బలమైన రిమూవర్లలో చాలావాటిలో డైక్లోరోమీథేన్ ఉంటుంది. ఆ పేరో, మెథిలీన్ క్లోరైడ్ అనో డబ్బా మీద చూడండి. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఊపిరితో లోపలికి వెళ్ళాక ఒంట్లో అది కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. తలుపులు మూసిన బాత్రూముల్లో దీనితో పని చేస్తూ మనుషులు చనిపోయారు. అమెరికాలో పర్యావరణ సంస్థ ఈపీఏ 2019లో దీనితో చేసిన పెయింట్ రిమూవర్లను మామూలు వినియోగదారులకు అమ్మడాన్ని నిషేధించింది. అక్కడి తెలుగువాళ్ళకి షాపుల్లో బెంజైల్ ఆల్కహాల్ రకం దొరుకుతుంది, అది గంటలు గంటలు పడుతుంది గానీ పని చేస్తుంది. దుమ్ము మాస్కు ఈ ఆవిరిని ఆపలేదు. ఆరుబయట, గాలి మీ వీపు వైపు నుంచి ఫ్రేమ్ వైపు వీచేలా నిలబడి చేయడమే రక్షణ. డాక్టర్లు వాడే పల్చటి గ్లవుజుల్లోంచి ఇది నిమిషాల్లో చర్మానికి చేరుతుంది. మందపాటివి తొడుక్కుని, మందు పడితే వెంటనే మార్చండి.

మన ఎండలకి సంబంధించిన జాగ్రత్త ఒకటుంది. డైక్లోరోమీథేన్ 40 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో మధ్యాహ్నం ఎండలో పెట్టిన డబ్బా మూత తీస్తే మందు మొహం మీదికి చిమ్ముతుంది. తెల్లవారుజామున, నీడలో పని పెట్టుకోండి. డబ్బాని ముందు నీళ్ళలో చల్లబరిచి, మూత మీద గుడ్డ వేసి నెమ్మదిగా తిప్పండి. పోసుకోవడానికి స్టీలు గిన్నెగానీ గాజు సీసాగానీ వాడండి, చాలా రకాల ప్లాస్టిక్కుని ఇది కరిగించేస్తుంది.

పూసేటప్పుడు రంగు వేసినట్టు ముందుకీ వెనక్కీ రుద్దకండి. బ్రష్షుతో మందంగా, ఒకే వైపుకి, రెండు మూడు మిల్లీమీటర్ల పొరగా అద్దాలి. వెంటనే పాలిథిన్ కవర్‌తో చుట్టేయండి, లేకపోతే పని చేసేలోపే ఆవిరైపోతుంది. మామూలు స్ప్రే రంగు కొద్ది నిమిషాల్లోనే ముడతలు పడి లేస్తుంది. పౌడర్ కోటింగ్ (పొడి చల్లి వేడితో కరిగించి పట్టించిన రంగు) మొండిది, అరగంట తర్వాత కూడా అక్కడక్కడా మాత్రమే పొంగుతుంది. లేచినంతవరకు ప్లాస్టిక్ బిళ్ళతో తీసి, మిగిలిన చోట మళ్ళీ పూయండి. రెండు మూడు సార్లు పడుతుందని ముందే అనుకోండి. కాళ్ళ మూలల్లో నైలాన్ బ్రష్షుతో పొడవండి. గ్యాస్ స్టవ్ మీద కాల్చి రంగు తీయాలనే ఆలోచన వస్తే మానుకోండి. పల్చటి చోట్ల వేడికి ఫ్రేమ్ వంకర పోతే స్పైడర్ మెట్టు తిన్నగా ఉండదు, ఇక ఆ ఫ్రేమ్ ఎందుకూ పనికిరాదు.

తర్వాత పుష్కలంగా నీళ్ళతో కడిగి ఆరబెట్టండి. ఊడిన పెచ్చులు, బంకని కాలువలో పారేయకుండా పాత పేపర్ మీద ఆరుబయట ఆరనిచ్చి, చుట్టి విడిగా పారేయండి.

ఆకురాయి పని

రంగు పోయాక పోత అసలు రూపం కనిపిస్తుంది. అచ్చు రెండు సగాలు కలిసిన చోట ప్రతి కాలి పక్కనా సన్నటి గట్టులాంటి గీత ఉంటుంది. అక్కడక్కడా అచ్చులోంచి తోసిన పిన్నుల గుండ్రటి ముద్రలూ ఉంటాయి. గీతని ఆకురాయితో సమం చేయండి. అల్యూమినియం మెత్తన కాబట్టి ఆకురాయి పళ్ళలో ఇరుక్కుని, ఆ ముక్కలే తిరిగి లోతుగా గీతలు పెడతాయి. ముందే పళ్ళకి సుద్దముక్క బాగా రుద్దండి, ఇరుకుడు తగ్గుతుంది. లోపలి వైపు పిన్ను ముద్రల జోలికి పోకండి, ఎవరూ చూడరు, వాటికోసం అరగదీస్తే గుంటలు బయటపడతాయి.

వాటర్ పేపర్: అసలు పని ఇక్కడే

పైన మెరిసేది చివర రాసే పాలిష్ వల్ల కాదు, పేపర్ల దగ్గర పెట్టిన ఓపిక వల్ల. పాలిష్‌కి 2000 నంబరు గీతల్ని పోగొట్టే శక్తి మాత్రమే ఉంది. 320 గీత ఒక్కటి మిగిలిపోతే పాలిష్ దాన్ని పోగొట్టదు, ఇంకా స్పష్టంగా చూపిస్తుంది.

పేపర్‌ని చిన్న ముక్కలుగా కోసి పావుగంట నీళ్ళలో నానబెట్టండి, మెత్తబడి వంపులకి లొంగుతుంది. నీళ్ళలో రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ వేస్తే పేపర్ త్వరగా మూసుకుపోదు. తడిగా రుద్దడం వల్ల పొడి గాలిలో లేవదు, ఇది మీ ఊపిరితిత్తులకీ మంచిదే. పొడిగా రుద్దాల్సి వస్తే ఎన్95 మాస్కు తప్పనిసరి.

ఏ నంబరుతో మొదలుపెట్టాలో ఫ్రేమే చెప్తుంది. పోత నునుపుగా ఉంటే 320 చాలు. గరుకుగా ఉన్న చోట మాత్రమే 150తో మొదలుపెట్టండి, అదీ ఆ చోట వరకే. అందరూ చేసే పొరపాటు ఫ్రేమంతా ముతక పేపర్‌తో దూకుడుగా రుద్దడం. ఆ లోతు గీతల్ని పోగొట్టడానికి తర్వాత మూడింతలు శ్రమ.

ఒక కాలిని పట్టుకుని చూద్దాం. 320తో కాలి పొడవునా రుద్దారు. గీతలన్నీ నిలువుగా ఉంటాయి. ఇప్పుడు ఫెల్ట్ పెన్నుతో కాలంతా పిచ్చిగీతలు గీసి, 400 పేపర్‌తో అడ్డంగా రుద్దండి. పెన్ను సిరా పూర్తిగా పోవాలి, ఆ పైన ఏటవాలుగా టార్చి వేసి చూస్తే ఒక్క నిలువు గీత కూడా ఉండకూడదు. టార్చి కాంతి పక్క నుంచి రావాలి, ఎదురుగా వేస్తే గీతలు దాక్కుంటాయి. నిలువు గీత ఒక్కటి కనిపించినా 600కి వెళ్ళకండి. అంతా పోయాక నీళ్ళు మార్చి, ఫ్రేమ్ కడిగి, 600తో మళ్ళీ నిలువుగా. ఇలా ప్రతి నంబరుకీ దిక్కు మారుస్తూ 2000 దాకా. నీళ్ళు మార్చకపోతే పాత ముతక రవ్వ ఒకటి సన్న పేపర్ కిందికి చేరి చేసిందంతా చెడగొడుతుంది.

చదును రింగు మీద పేపర్‌ని గట్టి రబ్బరు ముక్కకి చుట్టి రుద్దండి. ఉత్త వేళ్ళతో రుద్దితే వేళ్ళు ఉన్న చోట లోతు పడి, మెరుగు పెట్టాక అలలుగా కనిపిస్తుంది. గుండ్రటి కాళ్ళకి ఎమరీ క్లాత్‌ని రిబ్బన్‌లా కోసి, బూట్లు తుడిచినట్టు రెండు చేతులా అటూ ఇటూ లాగండి. కాళ్ళు రింగుతో కలిసే మూలల్లో పేపర్‌ని పెన్సిల్‌కో ఐస్‌క్రీమ్ పుల్లకో చుట్టాలి. అంచుల్ని ఎక్కువ రుద్దకండి, పోత అంచు పదునుగా ఉంటేనే ఫ్రేమ్‌కి తీరు ఉంటుంది.

మధ్యలో సూది గుంటలు బయటపడితే వాటి వెంట పడకండి. లోతుకి పోయేకొద్దీ కొత్తవి వస్తాయి.

నా అభిప్రాయం ఒకటి ఇక్కడే చెప్పాలి. 600 దగ్గర ఆగి, స్కాచ్-బ్రైట్ పీచుతో అన్ని కాళ్ళనీ ఒకే దిక్కుకి రుద్దితే పట్టులాంటి మసక మెరుపు వస్తుంది. సిలికాన్ ఎక్కువున్న పోతకి చాలాసార్లు అదే ఎక్కువ నప్పుతుంది. గుంటలు కనిపించవు, వేలిముద్రలు పడవు. రింగు మాత్రం అద్దంలా, కాళ్ళు మసకగా ఉంచితే ఇంకా బాగుంటుంది. గుంటలు ఎక్కువున్న ఫ్రేమ్‌ని 2000 దాకా లాగి బాధపడడం కంటే ఇది మంచి దారి.

బఫింగ్ షాపుకి ఇవ్వొచ్చు కదా అంటారు. రింగు వరకు యంత్రం బాగా చేస్తుంది. కాళ్ళ మధ్యకి బఫ్ చక్రం దూరదు, దూరిస్తే కాలిని పట్టుకుని ఫ్రేమ్‌ని విసిరికొడుతుంది, అంచులు కూడా గుండ్రం చేసేస్తుంది. అందుకే చేత్తో.

పాలిష్

2000 అయ్యాక ఫ్రేమ్ మసక అద్దంలా ఉంటుంది. బనియన్ గుడ్డ మీద బఠాణీ గింజంత మెటల్ పాలిష్ తీసుకుని, అరచేతి వెడల్పు చోటు మాత్రమే ఎంచుకోండి. మొదట గట్టిగా వత్తుతూ చిన్న సున్నాలుగా రుద్దాలి. క్షణాల్లో గుడ్డ నల్లబడుతుంది. అరిగిన అల్యూమినియం, దాని ఆక్సైడ్ పాలిష్‌లో కలిసి ఇచ్చే నలుపు అది, పని జరుగుతోందని గుర్తు. పాలిష్ ఎండకముందే శుభ్రమైన గుడ్డతో, ఈసారి తేలిగ్గా, ఒకే దిక్కుకి తుడవండి. నలుపు పల్చబడేదాకా ఇదే మళ్ళీ. కింద పడిన గుడ్డని మళ్ళీ వాడకండి, ఇసుక రవ్వ ఒకటి చాలు.

అయ్యాక గోరువెచ్చటి నీళ్ళలో గిన్నెల లిక్విడ్ వేసి కడిగి, మూలల్లోని నల్ల పాలిష్‌ని పళ్ళ బ్రష్షుతో తీయండి. బట్టల సోడా, సబ్బు పొడి వాడకండి, క్షారానికి అల్యూమినియం నల్లబడుతుంది. నీటి మచ్చలు పడకుండా వెంటనే తుడవాలి.

జిగురు అంటుకునే చోట్లు

స్పైడర్ కూర్చునే మెట్టు, సరౌండ్ అంటుకునే అంచు, గ్యాస్కెట్ చోటు, మాగ్నెట్ ప్లేటుకి ఆనే ముఖం. ఈ నాలుగింటినీ మెరిపించకూడదు. నున్నటి లోహం మీద జిగురు పట్టు నిలవదు, సబ్‌వూఫర్ కొట్టే దెబ్బలకి స్పైడర్ లేచిపోతుంది. పేపర్ పని మొదలుపెట్టినప్పుడే వీటి మీద టేపు వేయండి. చివర్లో టేపు తీసి, స్పైడర్, సరౌండ్ చోట్లని 120 పేపర్‌తో గరుకు చేసి, అసిటోన్‌తో రెండుసార్లు, ప్రతిసారీ కొత్త గుడ్డతో తుడవండి. ప్లేటుకి ఆనే ముఖాన్ని మాత్రం గరుకు చేయవద్దు, శుభ్రం చేస్తే చాలు.

వాక్స్‌ని రీకోన్ పూర్తయి జిగురు పూర్తిగా ఆరాకే వేయాలి. ముందే వేస్తే దాని జిడ్డు ఎక్కడికో అక్కడికి పాకుతుంది. కార్నాబా వాక్స్ పల్చటి పొర చాలు. క్లియర్ లక్కర్ కొట్టిస్తే శాశ్వతం అని చాలామంది సలహా ఇస్తారు. నున్నటి అల్యూమినియం మీద అది సరిగా పట్టదు, ఒక మూల లేస్తే కిందంతా తెల్లగా పాకుతుంది, అప్పుడు మళ్ళీ రిమూవర్ దగ్గర నుంచి మొదలు. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్ళలో నెలకోసారి వాక్స్ వేయండి, లోపలి ఊళ్ళలో రెండు మూడు నెలలకోసారి సరిపోతుంది. మాగ్నెట్ ప్లేట్ల రంగు మాత్రం తీయకండి, అవి ఇనుము.

బిగించాక చూడాల్సినవి

గ్యాప్‌ని టార్చి వేసి చూడండి. సన్నటి ప్లాస్టిక్ పట్టీకి రెండు వైపులా అంటుకునే టేపు చుట్టి, గ్యాప్ చుట్టూ తిప్పుతూ తీయండి. టేపు శుభ్రంగా బయటికి వచ్చేదాకా కొత్తది చుడుతూ ఉండాలి. ఇది కాయిల్ దింపకముందు పని.

రంగు ఉన్నప్పుడు ఫ్రేమ్ మీద కొంతైనా విద్యుత్ నిరోధం ఉండేది, ఇప్పుడు ఉత్త లోహం. టెర్మినల్ కింద ప్లాస్టిక్ బుష్‌లు సరిగ్గా కూర్చున్నాయో లేదో, కాయిల్ నుంచి వచ్చే అల్లిక తీగలు కోన్ పూర్తిగా ముందుకీ వెనక్కీ కదిలినప్పుడు కాళ్ళకి తగులుతున్నాయేమో చూడండి. తగిలేలా ఉంటే స్లీవ్ తొడగండి. మల్టీమీటర్‌ని కంటిన్యుటీలో (రెండు కొసల మధ్య దారి కలిస్తే బీప్ కొట్టే అమరిక) పెట్టి, ఒక కొస టెర్మినల్‌కీ రెండోది ఫ్రేమ్‌కీ ఆనించి, కోన్‌ని చేత్తో నెమ్మదిగా పైకీ కిందకీ కదపండి. ఎక్కడా బీప్ రాకూడదు. రెండో టెర్మినల్‌కీ ఇలాగే. డ్యూయల్ కాయిల్ (రెండు కాయిల్స్, నాలుగు టెర్మినళ్ళు) అయితే నాలుగింటికీ. ఇది చూడకుండా ఆంప్లిఫయర్‌కి కలిపితే పోయేది ఆంప్లిఫయర్.

తర్వాత 30 హెర్ట్జ్ టోన్‌ని చాలా తక్కువ వాల్యూమ్‌లో పెట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినండి. గరగర లేకపోతే పెట్టెలో బిగించుకోవచ్చు. తిరగేసి బిగిస్తున్నవాళ్ళు, పక్కన మామూలుగా బిగించిన సబ్‌వూఫర్ కూడా ఉంటే, తిరగేసినదాని ప్లస్ మైనస్ తీగల్ని మార్చి కలపాలి.